సుభద్ర మేడం ల్యాప్‌టాప్‌కి నేను చేసింది

'వైరస్' అన్న మాటంటే నాకు ఇప్పటికీ భయం. నేను చేసే ఉద్యోగంలో ఆ మాట రోజుకు పదిసార్లు వినక తప్పదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి, మా సిస్టమ్‌కి వైరస్ వచ్చినట్టుంది, కాస్త చూడండి అంటారు. చూస్తానంటాను. గొంతు మామూలుగానే ఉంటుంది. కానీ ఆ క్షణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం జగ్గయ్యపేటలో మా ఇంటి ముందుగదిలో నేను చేసిన పని, ఆ తర్వాత చెప్పిన మాటలు అన్నీ వచ్చి మీద పడతాయి. నాలుగేళ్ళయింది. అమ్మకు చెప్పలేదు. పెళ్ళయ్యాక ఆయనకీ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నా ముఖం చూడలేరు కాబట్టేమో. అదీ పిరికితనమే. తెలుసు.

రాయడం మొదలుపెట్టి నాలుగుసార్లు చింపేశాను. ప్రతిసారీ నా మీద జాలి కలిగేటట్టు రాస్తున్నాను. ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పడానికి చూస్తాను.

అప్పుడు నేను నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌ని. రోజూ పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కేదాన్ని. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేదాకా సిమెంటు లారీల వెనకే పోయేది. కాలేజీకి చేరేసరికి జుట్టు మీద సన్నని బూడిద. నాకు ఆ ఉద్యోగం మీద మనసు లేదు. హైదరాబాదులో, పెద్ద కంపెనీల్లో కంప్యూటర్లన్నిటినీ చూసుకునే ఉద్యోగం కావాలి నాకు. ఇంటర్వ్యూలకు వెళితే ప్రతిచోటా ఒకటే ప్రశ్న: లినక్స్ ఎక్కించారా, దాని మీద పనిచేశారా? పుస్తకంలో చదివానంటే అవతలివాళ్ళు కాగితం పక్కన పెట్టేవాళ్ళు. విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే ఇంకో సిస్టమ్ అది. కాలేజీ ల్యాబులో ఉన్నవన్నీ విండోస్ మిషన్లు. వాటిలో కొత్తది ఏదీ ఎక్కించకూడదని ప్రిన్సిపాల్ గారి ఆర్డరు. ఇంట్లో కంప్యూటర్ లేదు. విజయవాడలో కొన్న పత్రికతో పాటు వచ్చిన రెండు రకాల లినక్స్ సీడీలు నా బీరువాలో చీరల కింద ఉండేవి. అప్పుడప్పుడు తీసి చూసుకునేదాన్ని.

సుభద్ర మేడం మా కాలేజీలో తెలుగు చెప్పేది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. ఆవిడా జగ్గయ్యపేట నుంచే వచ్చేది కాబట్టి బస్సులో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఆ వయసులో పీహెచ్‌డీ మొదలుపెట్టింది. మిరప కోతల్లో, సున్నపురాయి క్వారీల్లో పనిచేసే ఆడవాళ్ళు పాడుకునే పాటలు ఆవిడ విషయం. ఆదివారం వస్తే చాలు, అరచేతిలో పట్టే చిన్న రికార్డర్ ఒకటి సంచిలో వేసుకుని, ఆటో మాట్లాడుకుని ఊళ్ళ మీద పడేది. రెండేళ్ళు తిరిగింది. రికార్డర్ చిన్నది, నిండగానే పాటల్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, రికార్డర్ ఖాళీ చేసి, మళ్ళీ వెళ్ళేది. ఆ ఎక్కించడం ఆవిడకు నేర్పింది నేనే. ఇంకో కాపీ ఎక్కడైనా దాచుకోవాలని మాత్రం నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

ఆ ల్యాప్‌టాప్ ఆవిడ మరిది వాడి ఇచ్చేసింది. బరువుగా, ఇటుకలా ఉండేది. మేడంకి దాన్ని ఆపాలంటే భయం.

"అమ్మాయ్, ఇది ఆపితే లోపలున్నవాళ్ళకేం కాదుగా?" అని అడిగింది ఒకసారి.

లోపలున్నవాళ్ళంటే ఆ పాడిన ఆడవాళ్ళు. నేను నవ్వాను. ఏం కాదు మేడం, నిద్రపోతారంతే అన్నాను.

ఆ ఏడు దసరా సెలవులకు మేడం తెనాలిలో అక్కగారింటికి వెళుతూ ల్యాప్‌టాప్ నాకిచ్చింది. తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయి, చూసిపెట్టమంది. ఫాంటు సరిచేయడానికి నాకు అరగంట పట్టింది. ఇంకా పది రోజులు అది మా ఇంట్లోనే ఉంటుంది.

ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకోవచ్చు. లోపలి డిస్కులో ఖాళీగా ఉన్న చోటుని భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కోటి ఎక్కిస్తాం. ఆన్ చేయగానే తెర మీద జాబితా వస్తుంది. ఏది కావాలో దాన్ని ఎంచుకుంటే అదే నడుస్తుంది. అయిదో తరగతి పిల్లలకైనా అర్థమయ్యే సంగతి ఇది. భాగాలు చేసేటప్పుడు మాత్రం చేతికి నిదానం కావాలి.

మేడంకి ఫోన్ చేసి అడగాల్సింది. మీ ల్యాప్‌టాప్‌లో ఒక ప్రయోగం చేసుకుంటాను, ముందు మీ పాటలన్నీ సీడీల మీద దించి పెడతాను, సరేనా అని. అడిగితే ఒప్పుకునేది. ఒప్పుకునేదనే నా నమ్మకం. మరి ఎందుకు అడగలేదు? వద్దంటుందని భయమా? కాదు. అడిగితే అది ఆవిడ దయ అవుతుంది. అడగకపోతే ఆ పది రోజులూ ల్యాప్‌టాప్ నాది. అదీ నా బుద్ధి. ఇంత చిన్న కారణం కోసమా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకుంటూనే ఉన్నాను.

మొదటి లినక్స్ చక్కగా ఎక్కింది. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి. నాకు పట్టరాని సంతోషం. నాలుగు రోజులు తిండి ధ్యాస లేకుండా దాని ముందే కూర్చున్నాను. ఆదేశాలు ఒక్కొక్కటే టైపు చేసి నేర్చుకున్నాను. పుస్తకంలో చచ్చినట్టు పడున్న మాటలన్నీ లేచి పనిచేస్తుంటే, ఇన్నాళ్ళూ ఇదేగా నాకు అందనిది అనిపించింది. అక్కడితో ఆగితే ఈ కాగితం రాసే పని ఉండేది కాదు. కానీ బీరువాలో ఇంకో సీడీ ఉంది. రెండైతే అందరూ చేస్తారు, మూడు చేశానని చెబితే ఇంటర్వ్యూలో ఎవరూ మాట్లాడలేరు అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. డిస్కులో భాగాలకు విండోస్‌లో సి, డి అని పేర్లుంటాయి. లినక్స్‌లో ఆ పేర్లు ఉండవు, అంకెలుంటాయి. మొదటిసారి కాగితం మీద రాసుకున్నాను ఏ అంకె ఏ భాగమో. నేను మధ్యలో కొత్త భాగాలు చేసేసరికి అంకెలు మారాయి. మళ్ళీ సరిచూసుకోవాలి. చూసుకోలేదు. పాత కాగితం చూసి అంకె ఎంచుకున్నాను. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని తెర మీద అడిగింది. సరేనన్నాను.

నీలం గీత నెమ్మదిగా నిండుతోంది. అమ్మ లోపలి నుంచి అన్నం చల్లారిపోతోందని కేకేసింది. వెళ్ళి తిన్నాను. గోంగూర పప్పు. రెండోసారి కూడా వేయించుకున్నాను.

తిరిగి వచ్చేసరికి తెర మీద మూడు పేర్లు. మూడూ తెరిచి చూశాను. మూడూ పనిచేస్తున్నాయి. చివరగా విండోస్‌లోకి వెళ్ళాను. డి కనిపించలేదు.

'పాటలు' అని మేడం పెట్టుకున్న ఫోల్డర్ అందులోనే ఉంది. దాని లోపల ఊళ్ళ పేర్లు, ఊరి పేరు లోపల ఒక్కొక్క ఆడమనిషి పేరు. రెండేళ్ళ ఆదివారాలు.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. ఇక్కడి నుంచి జరిగింది పొరపాటు కాదు. ఈ రెంటినీ కలిపేసి చెప్పుకుంటూ నేను చాలాకాలం నన్ను నేను మోసం చేసుకున్నాను.

ఎందుకంటే నాకు తెలుసు. అలా చెరిగినంత మాత్రాన పాటలు పోవు. పైన పేర్లు చెరుగుతాయంతే. అడుగున చాలావరకు అలాగే ఉంటాయి. ఇంకేమీ రాయకుండా వెంటనే ఆపేసి హైదరాబాదులో అలాంటి పని చేసేవాళ్ళ దగ్గరకు తీసుకెళితే సగమో, అంతకంటే ఎక్కువో తిరిగి వస్తాయి. ఈ సంగతి నేను పిల్లలకు పాఠం కూడా చెప్పాను. కానీ తీసుకెళ్ళాలంటే మేడంకి చెప్పాలి. ఒకవేళ నేను చెప్పకపోయినా, ఆవిడే ఎవరికైనా చూపిస్తే వాళ్ళు తెరిచి, ఎవరమ్మా దీంట్లో లినక్స్ ఎక్కించింది అనే మొదట అడుగుతారు.

ఆ ఆదివారం సాయంత్రమంతా గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాను. సోమవారం పొద్దున అమ్మ గుడికి వెళ్ళాక కూర్చున్నాను. డిస్కు మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాసే ఆదేశం ఒకటుంది. అలా రాస్తే అడుగున మిగిలినవి కూడా ఇక ఎవరి వల్లా తిరిగి రావు. అది నేర్చుకుని నాలుగు రోజులే అయింది. ఒక్క వరుస. టైపు చేశాను. ఎంటర్ నొక్కే ముందు ఆగాను. ఎంతసేపు ఆగానో చెప్పలేను. వీధిలో గిన్నెలమ్మేవాడు అరుచుకుంటూ వెళ్ళాడు. నొక్కాను.

అది పూర్తి కావడానికి గంటపైన పట్టింది. ఆ గంటలో ఎప్పుడైనా ఆపొచ్చు. ఆపలేదు. చెప్పానుగా, అది పొరపాటు కాదు.

తర్వాత విండోస్ ఒక్కటే కొత్తగా ఎక్కించాను. తెలుగు ఫాంటు పెట్టాను. అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి.

మేడం తెనాలి నుంచి వచ్చాక స్టాఫ్ రూములో చెప్పాను. వైరస్ వచ్చి మొత్తం పోయిందని, సెలవులన్నీ కూర్చుని ప్రయత్నించినా రాలేదని. ఆవిడ చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"వెంకాయమ్మ పాట కూడానా?" అంది.

వెంకాయమ్మ చిల్లకల్లు పక్క ఊళ్ళో ముసలావిడ. మూడు ఆదివారాలు కూర్చోబెట్టి పాడిస్తే గాని పూర్తికాని పాట ఒకటి ఆవిడకొచ్చు. ఆ పాట ఇంకెవరికీ రాదు. ఆ ఎండాకాలంలోనే చనిపోయింది. మేడం ఆ కబురు బస్సులో నాకు చెప్పి, పాట మాత్రం నా దగ్గర భద్రంగా ఉందమ్మా అంది.

తలూపాను. మేడం ఏడవలేదు. అరవలేదు. ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ వైరస్ అని మాత్రం అడిగింది. పెన్‌డ్రైవ్‌ల నుంచే వస్తాయండి అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ ల్యాప్‌టాప్‌కి తగిలిన పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉందని నాకు తెలుసు.

"అంటే నాగమణిదేనా?"

"అయ్యుండొచ్చండి" అన్నాను.

నాగమణికి జగ్గయ్యపేటలో చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, వీధిలోకి ఒక బల్ల. ముప్పై ఏళ్ళుంటాయి. ప్రెస్సులో పనిచేస్తూ టైపింగ్ నేర్చుకుని సొంతంగా పెట్టుకుంది. మా కాలేజీ ప్రశ్నపత్రాలు, పెళ్ళి శుభలేఖలు, స్కూళ్ళ ప్రోగ్రెస్ కార్డులు అన్నీ ఆవిడే చేసేది. మేడం చేత్తో రాసిన మొదటి రెండు అధ్యాయాలు ఆవిడ టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ల్యాప్‌టాప్‌లో పెట్టింది. తప్పులు దిద్దేటప్పుడు పాటల్లో పదాలు ఇవి కావు మేడం, మా అమ్మమ్మ ఇట్టా అనేది అని చెప్పేదట. మేడం ఆ మాటలు సంతోషంగా నాకు చెప్పేది.

మేడం వెళ్ళి ఆవిడతో గొడవేమీ పెట్టుకోలేదు. తన కాగితాలు తను తెచ్చేసుకుంది. స్టాఫ్ రూములో బాధపడింది. అంతే చాలింది. ప్రిన్సిపాల్ గారు ప్రశ్నపత్రాల పని ఇంకొకరికి ఇచ్చారు. నాగమణి సెంటర్‌లో వైరస్ ఉందట అన్న మాట నందిగామలో పుట్టి మాకంటే ముందే బస్సెక్కి జగ్గయ్యపేట చేరింది. మా స్టూడెంట్ ఒకమ్మాయి వచ్చి, మేడం, ప్రాజెక్టు రిపోర్టు అక్కడ ప్రింటు తీయించుకోవచ్చా అని అడిగింది. వేరేచోట చూసుకో అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఊరుకోవచ్చు. అయినా అన్నాను.

ఒక ఆదివారం పొద్దున నాగమణి మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. చున్నీ కొసన ముడివేసిన పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టింది. మీరు చదువుకున్నవారు, ఇందులో నిజంగా వైరస్ ఉందో లేదో మీరే చూసి చెప్పండి, మీ మాట మేడం గారు నమ్ముతారు అంది.

సోమవారం ల్యాబులో చూశాను. ఒకసారి కాదు, మూడు మిషన్ల మీద మూడుసార్లు. ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో మీకు చెప్పలేను. ఏదో ఒకటి, చిన్నదైనా సరే, ఉంటే చాలు. లేదు. శుభలేఖలు, ప్రోగ్రెస్ కార్డులు, మేడం రెండు అధ్యాయాలు. ఇంకేమీ లేదు.

ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా ఆవిడ సెంటర్‌కి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు నిజం చెబుదామనే వెళ్ళాను. పోనీ, వైరస్ లేదు అన్నంతవరకైనా చెబుదామని. బల్ల మీద పని ఏమీ లేదు. ప్రింటర్ మీద గుడ్డ కప్పి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ మాటలు నాకు ఒక్కటి కూడా మరుపు రాలేదు.

"చూశారా మేడం?"

"చూశానండి."

"ఏమన్నా ఉందా?"

లేదు అంటే మరి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతుంది. ఆవిడ అడగకపోతే సుభద్ర మేడం అడుగుతుంది. ఈ ఆలోచన నా తలలో తిరగడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది?

"ఉందండి" అన్నాను. "తీసేశా. ఇప్పుడు బాగానే ఉంది."

పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చాను. నాగమణి కుర్చీలో కూర్చుంది. పెన్‌డ్రైవ్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే నా వల్లేనన్నమాట" అంది. "నేను కాదని మా ఇంట్లో అందరితో పోట్లాడానండీ. మేడం గారిని కూడా అనరాని మాటలు అనుకున్నా మనసులో."

"తెలియక జరిగిందే కదండీ."

"ఆ ముసలమ్మ పాట నేనే సగం టైపు చేశానండి. మిగతాది మేడం గారు విని రాయాల్సి ఉంది." పెన్‌డ్రైవ్ సొరుగులో పడేసింది. "మేడం గారికి మీరన్నా చెప్పండి. కావాలని చెయ్యలేదని."

"చెబుతానండి."

"మీ మేలు మర్చిపోను. మీరు చూడబట్టి తెలిసింది."

నేను ఇంటికి నడిచి వచ్చాను. అమ్మ కాళ్ళు కడుక్కోమంది. కడుక్కున్నాను.

వేసవికి నాగమణి సెంటర్ మూసేసింది. అదే వేసవిలో హైదరాబాదులో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో, ఒకే మిషన్‌లో ఎన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎక్కించారు అని అడిగారు. మూడు అన్నాను. ఎక్కడ అన్నారు. నా ల్యాప్‌టాప్‌లో అన్నాను. నా. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెచ్చుకోలుగా తలూపారు.

సుభద్ర మేడం మళ్ళీ ఊళ్ళు తిరిగి చూసింది. కొందరు పాడారు. కొందరు అప్పుడు పాడింది ఇప్పుడు గుర్తులేదమ్మా అన్నారు. కొందరు లేరు. చివరికి ఆవిడ విషయమే మార్చుకుని పుస్తకాల్లో దొరికే శతకాల మీద పరిశోధన రాసింది. డాక్టరేట్ వచ్చింది. కాలేజీలో సన్మానం చేస్తే నేను హైదరాబాదు నుంచి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని కాదు, అప్పటికి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. మరి ఎందుకు వెళ్ళానో తెలియదు. వేదిక మీద మేడం, నా పాటలు పోయిన రోజున సెలవులు మానుకుని నా కోసం కూర్చున్న పిల్ల అదిగో అని నన్ను చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దణ్ణం పెట్టాను.

పోయిన ఏడు అమ్మతో జగ్గయ్యపేటలో బట్టల కొట్టుకి వెళితే బిల్లులు రాసే చోట నాగమణి కనిపించింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది, కుర్చీ వేయించింది. పక్కనే కొత్త కంప్యూటర్ కవరు కప్పి ఉంది. ఆవిడ మాత్రం చేత్తోనే రాస్తోంది. కొట్టు యజమాని నవ్వుతూ, టైపింగ్ వచ్చు, కంప్యూటర్ వచ్చు, కానీ ముట్టుకోమంటే ముట్టుకోదండీ ఈవిడ అన్నాడు.

"నా చేతిలో పడితే ఏదో ఒకటి అవుతుందండీ" అంది నాగమణి. ఆ మాట అంటూ నాకేసి చూసింది, మీకు తెలుసుగా అన్నట్టు. మా ఇద్దరి మధ్యా ఒక రహస్యం ఉన్నట్టు.

అప్పుడైనా చెప్పొచ్చు. అమ్మ పక్కన ఉంది, కొట్టు నిండా జనం, ఇది చోటు కాదు అనుకున్నాను. నాకు ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. మొన్న మేడంకి ఫోన్ చేశాను చెబుదామని. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి అని అడిగి పెట్టేశాను.

ఏది పెద్ద తప్పో ఇప్పటికీ తూకం వేసుకుంటూ ఉంటాను. ఒకరి రెండేళ్ళ కష్టం చెరిపేయడమా? తిరిగి వచ్చే దారి ఉందని తెలిసి, కూర్చుని ఆ దారి మూసేయడమా? లేక ఏ పాపమూ ఎరగని మనిషి నన్ను నమ్మి వస్తే, తప్పు నీదే అని ఆమెకే నమ్మకం కలిగించడమా? పాటలు ఎలాగూ రావు. వెంకాయమ్మ రాదు. కానీ నాగమణి బతికే ఉంది, నేనొక్క మాట చెబితే ఆ భారం దిగుతుంది. ఆ మాటకి ఖరీదు నా పరువు. అంతే. ఇన్నాళ్ళూ ఆ పరువే ఎక్కువని నేను రోజూ తేల్చుకుంటూ వచ్చాను. రోజూ. అది ఒక్కసారి చేసిన తప్పు కాదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీకు ఆ హక్కు లేదు, నాకు అడిగే ముఖం లేదు. ఈ కాగితం కాపీ తీసి జగ్గయ్యపేటకు పంపుతానా? పంపుతానని రాయాలని ఉంది. రాస్తే అదీ ఇంకో అబద్ధం అవుతుందేమోనని భయంగా ఉంది.

ఒక్కటి మాత్రం చేయగలను. నాలుగేళ్ళుగా లోపల తిరుగుతున్నా ఎప్పుడూ బయటకు రాని వాక్యాన్ని తిప్పకుండా, మెత్తబరచకుండా ఇక్కడ రాయగలను.

నాగమణి పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదు. నేను మూడుసార్లు చూశాను. సుభద్ర మేడం పాటల్ని చెరిపింది నేను.

రాశాను. ఈసారి చింపలేదు.